చుక్క తర్వాత రెండో అంకెను ఎంత నమ్మాలి?

కృష్ణా మెట్టలో వేసవి ముదిరితే రైతు ముందు ఆకాశం వైపు చూడడు, బోరు మోటారు వైపు చూస్తాడు. రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడి తోటలకు కాయ ఊరే రోజుల్లో తడి తప్పకూడదు. జగ్గయ్యపేట, నందిగామ వైపు మిరప, పత్తి చేలకు సాగర్ ఎడమ కాలువ నీళ్లు చివరి దాకా వస్తాయన్న భరోసా ఏటా ఉండదు. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ ప్రాంతమంతా ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా, నీళ్ల కోసం బోరునే నమ్ముకోవాల్సిన పరిస్థితి మారలేదు. అలాంటి చోట లో వోల్టేజీకో, ఒక ఫేజు పోయో మోటారు కాలిందంటే అది ఆ పూటే వైండింగ్ షాపుకు చేరుతుంది.

షాపులో మొదట జరిగేది కొలతే. కాలిన కాయిల్‌ను కోసి బయటికి తీస్తారు. చుట్లు లెక్కపెడతారు. ఒక తీగముక్క తీసుకుని పైనున్న పూతను మంటకు కాల్చి, తుడిచి, దాని మందం చూస్తారు. "ఇరవై రెండు గేజీ" అని తేలితే ఆ వైరే తెచ్చి చుడతారు. ఈ గేజీ పాత బ్రిటిష్ లెక్క. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 22 గేజీ అంటే 0.711 మిల్లీమీటర్లు, 23 గేజీ అంటే 0.610. రెండింటి మధ్య తేడా మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే.

ఆ పదో వంతు వల్ల ఏం జరుగుతుందో లెక్క వేసి చూడాలి. కరెంటు పారేది తీగ మందంలో కాదు, దాని అడ్డుకోత వైశాల్యంలో. వైశాల్యం మందానికి వర్గంగా మారుతుంది. 22 బదులు 23 గేజీ చుడితే రాగి 26 శాతం తగ్గుతుంది, నిరోధం 36 శాతం పెరుగుతుంది. అంతే కరెంటు లాగినప్పుడు వైండింగ్‌లో పుట్టే వేడి కూడా 36 శాతం ఎక్కువ. వైండింగ్ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల స్థూలమైన లెక్క. మోటారు మళ్లీ తిరుగుతుంది, నీళ్లూ పోస్తుంది. కానీ వచ్చే వేసవి చూస్తుందా అన్నది మాత్రం అనుమానమే.

ఇంత సున్నితమైన కొలతలు తీసే పరికరాలు ఒకప్పుడు పెద్ద వర్క్‌షాపుల్లో అద్దాల బీరువాలో ఉండేవి. ఇప్పుడు చుక్క తర్వాత రెండంకెలు చూపే డిజిటల్ కాలిపర్, గ్రాములో నూరో వంతు చూపే జేబు కాటా చిన్న షాపుకు కూడా అందుబాటులోకి వచ్చాయి. రెండూ కలిపినా మోటారు రీవైండింగ్ ఖర్చులో చిన్న భాగమే. అయితే తెర మీద కనిపించే అంకె ఎంత సన్నగా ఉంటే కొలత అంత నిజమని అందరూ అనుకుంటారు. చవక పరికరాలు కొనేటప్పుడు జరిగే నష్టమంతా ఈ ఒక్క నమ్మకం వల్లే.

ఒక పరికరం ఎంత చిన్న తేడాను చూపగలదన్నది ఒక విషయం. ఒకే వస్తువును పదిసార్లు పెడితే పదిసార్లూ ఒకే అంకె చూపుతుందా అన్నది రెండోది. ఆ అంకె అసలు విలువకు ఎంత దగ్గరగా ఉందన్నది మూడోది. అమ్మేవాళ్లు పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసేది మొదటిదాన్నే. 0.01 మి.మీ. చూపే మామూలు స్టీలు కాలిపర్ అసలు ఖచ్చితత్వం సాధారణంగా 0.02 లేదా 0.03 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. అంటే చివరి అంకె కనిపిస్తుందే గానీ దాని మీద పందెం కాయలేం.

కొలతల్లో ఇంత పట్టింపు ప్రపంచానికి నేర్పింది ఎక్కువగా తుపాకుల పరిశ్రమే. స్వీడన్‌లోని ఎస్కిల్స్‌టూనా పట్టణంలో ఒక రైఫిళ్ల ఫ్యాక్టరీ ఉండేది. అందులో కార్ల్ ఎడ్వర్డ్ యోహాన్సన్ ఆయుధాల తనిఖీదారు. ఒక రైఫిలు భాగం ఇంకో రైఫిలులో సరిగ్గా అమరాలంటే ప్రతి భాగానికీ విడివిడిగా కొలత గేజీలు చేయాలి. ఆ ఖర్చు ఆయన్ను వేధించింది. జర్మనీలోని మౌజర్ కర్మాగారం చూసి తిరిగి వస్తూ రైల్లో ఒక ఆలోచన చేశాడు. నునుపుగా సానబట్టిన కొన్ని ఉక్కు దిమ్మెలు ఉంటే చాలు, వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి ఏ కొలతనైనా తయారు చేసుకోవచ్చు! 102 దిమ్మెల పెట్టెతో దాదాపు 20,000 కొలతలు సాధ్యమయ్యాయి. ఇంట్లో భార్య కుట్టు మిషన్‌ను మార్చి ఆ దిమ్మెలకు సానపట్టాడని చెబుతారు. 1923లో ఆయన అమెరికాలో హెన్రీ ఫోర్డ్ కంపెనీలో చేరాడు. మన పాలిటెక్నిక్ మెట్రాలజీ ల్యాబుల్లో చెక్కపెట్టెల్లో మెరిసే స్లిప్ గేజీలు ఆ దిమ్మెల సంతానమే.

అమెరికా వంటి దేశాల్లో వాడిన తూటా గొట్టాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునే షూటర్లు ఉన్నారు. చవక కాలిపర్లకూ బుల్లి కాటాలకూ వాళ్ల నుంచి పెద్ద గిరాకీ ఉంది. మన దేశంలో 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం కాబట్టి ఆ పని ఇక్కడ ప్రస్తావన వరకే. మనకు దగ్గరగా ఉండే ఉదాహరణ ఎయిర్ రైఫిల్ క్రీడ. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. లక్ష్యం మీద పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పేల్చే సీసపు పెల్లెట్ 4.5 మి.మీ. వెడల్పు, బరువు అర గ్రాము పైచిలుకు. పోటీకి ముందు పెల్లెట్లను ఒక్కొక్కటే తూచి, ఒకే బరువున్నవాటిని వేరు చేసుకునే షూటర్లు ఉన్నారు. వెడల్పును మాత్రం కాలిపర్‌తో చూడటం కష్టం. సీసం మెత్తన, దవడ నొక్కితే అదే సొట్టపోతుంది. ఏ పనికి కాటా, ఏ పనికి కాలిపర్ అన్నది ఇలాంటి చోటే తేలుతుంది.

తూటా మందును తూచేవాళ్లు ఇప్పటికీ వాడే ప్రమాణం గ్రెయిన్. అంటే 64.8 మిల్లీగ్రాములు. మన కంసాలుల తులానికి దానితో పాత చుట్టరికం ఉంది. 1833లో ఈస్టిండియా కంపెనీ తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లుగా స్థిరపరిచింది. అదే 11.66 గ్రాములు. అంతకుముందు నుంచీ తులానికి 96 గురిగింజల ఎత్తన్న లెక్క ఉండేది. గింజ ఒక్కింటికి 0.12 గ్రాములు పడుతుంది. ఒక గింజ నిండుగా, ఇంకోటి కాస్త తాలుగా ఉండకుండా ఏరి వాడేవాళ్లు. ఇప్పటి కాటా చూపే 0.01 గ్రాము గురిగింజలో పన్నెండో వంతు కంటే తక్కువ. ఆ అంకెను నమ్మేముందు కాటా లోపల ఏముందో తెలుసుకోవాలి.

ముందు కాలిపర్ సంగతి. 1631లో ఫ్రెంచి గణితజ్ఞుడు పియెర్ వెర్నియే వివరించిన జారే గీతల కొలబద్ద మూడు శతాబ్దాలకు పైగా లోకాన్ని ఏలింది. గీతకు గీత ఎక్కడ కలిసిందో చూసే కన్ను ఉండాలి, వయసు మీదపడితే కళ్లద్దాలు తప్పవు. డిజిటల్ కాలిపర్ ఆ కష్టం తీర్చింది. దాని కడ్డీ మీద అంకెలు ముద్రించిన స్టిక్కర్ కింద రాగి పలకలు వరసగా పరిచిన సన్నని సర్క్యూట్ పట్టీ ఉంటుంది. జారే భాగం అడుగున ఇంకో పలకల వరస. రెండింటి మధ్య విద్యుత్ నిల్వ సామర్థ్యం, అంటే కెపాసిటెన్స్, జరిగేకొద్దీ మారుతుంది. చిప్ ఆ మార్పును చదివి స్థానాన్ని లెక్కకడుతుంది. అందుకే నీళ్లు, చెమట, లేత్ మీద పోసే కూలెంట్ ఆ పట్టీ మీద పడితే అంకెలు పిచ్చిగా దూకుతాయి. పరికరం చెడిపోయిందని పారేయక్కర్లేదు, ఆరబెట్టి పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు కుదుటపడుతుంది.

ప్లాస్టిక్ ఒంటితో వచ్చే కాలిపర్ చాలా చవక. అది 0.1 మి.మీ. వరకే చూపుతుంది, దవడలు నొక్కితే వంగుతాయి. బడి పిల్లల ప్రయోగాలకు, పీవీసీ పైపు సైజు చూడటానికి పరవాలేదు. బేరింగుకూ షాఫ్టుకూ పనికిరాదు. ఇంకొంచెం పెట్టి స్టెయిన్‌లెస్ స్టీలుది కొనడమే సరైన నిర్ణయం. ఇంకా పైకి వెళ్తే జపాన్ మిటుటోయో వంటి పేరున్న కంపెనీలవి ఉన్నాయి. వాటి ధర వేలల్లో ఉంటుంది, నకిలీలూ విరివిగా తిరుగుతాయి. ఆ పేరుతో నమ్మలేనంత తక్కువ ధర కనిపిస్తే అది అసలుది కాదనే అనుకోవాలి. వైండింగ్ షాపుకో, బోరు మెకానిక్‌కో ఖరీదైనది అవసరం లేదు. చవకదాన్నే జాగ్రత్తగా పరీక్షించి కొంటే చాలు.

పరీక్ష కొట్టులోనే చేయొచ్చు. దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మధ్యలో వెలుగు గీత కనపడకూడదు. సున్నా చేసి, పూర్తిగా తెరిచి మూస్తే మళ్లీ సున్నాకే రావాలి. ఒక అంకె అటూ ఇటూ అయితే సరే, మూడు నాలుగు అంకెలు తేడా వస్తే పక్కన పెట్టేయాలి. తర్వాత ఒకే వస్తువును దవడల మొదట్లో ఒకసారి, కొసన ఒకసారి పట్టి చూడాలి. కాలిపర్‌లో కొలిచే వస్తువు ఒక గీత మీద, కొలబద్ద ఇంకో గీత మీద ఉంటాయి. జారే భాగం కాస్త వదులైతే దవడ ఒరుగుతుంది, కొసకు పోయేకొద్దీ తప్పు పెరుగుతుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ ఆబే 1890లోనే ఈ దోషాన్ని ఎత్తి చూపాడు. స్క్రూ గేజీలో మరతో పాటు వస్తువు కూడా ఒకే గీత మీద ఉంటుంది కాబట్టి ఈ బెడద లేదు. సన్నని తీగలకు స్క్రూ గేజీయే మేలని పాత మేస్త్రీలు పట్టుబట్టడంలో శాస్త్రం ఉంది.

మరి సున్నా సరిగ్గా చూపినా 40 దగ్గర సరిగ్గా చూపుతుందని ఏమిటి నమ్మకం? స్లిప్ గేజీల పెట్టె కొనే స్తోమత చిన్న షాపుకు ఉండదు. కానీ దానికి దీటైనది ప్రతి మోటారు మెకానిక్ బల్ల మీదా ఉంటుంది. అదే బాల్ బేరింగ్. 6203 నంబరు బేరింగ్ లోపలి రంధ్రం 17 మి.మీ., వెలుపలి చుట్టు 40 మి.మీ. 6204 అయితే 20, 47. ప్రపంచంలో ఏ కంపెనీ చేసినా ఈ నంబరుకు ఇవే కొలతలు. మామూలు తరగతి బేరింగులోనే 40 మి.మీ. వెలుపలి చుట్టుకు అనుమతించే తేడా 0.011 మి.మీ. లోపు, 17 మి.మీ. రంధ్రానికి 0.008 లోపు. చవక కాలిపర్ సొంత తప్పు ఇంతకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. కాబట్టి నమ్మకమైన డీలరు దగ్గర కొన్న, పెట్టె విప్పని బేరింగు దానికి చక్కని గురువు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. బేరింగు వెడల్పును ప్రమాణంగా తీసుకోకూడదు, అక్కడ 0.12 మి.మీ. దాకా తగ్గుదలను అనుమతిస్తారు. చిన్న రంధ్రాల్లో కాలిపర్ పై దవడలు అసలుకన్నా కాస్త తక్కువ చూపుతాయన్నదీ గుర్తుంచుకోవాలి.

ఇక ఎండ. కొలతల ప్రపంచం మొత్తానికి ఒప్పందపు ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. మే నెలలో నందిగామ రేకుల షెడ్డులో అది 44 ఉండొచ్చు. 100 మి.మీ. ఉక్కు ముక్క ఆ 24 డిగ్రీల తేడాకు దాదాపు 0.028 మి.మీ. సాగుతుంది. ఉక్కు కాలిపర్ కూడా అంతే సాగుతుంది కనుక ఉక్కు షాఫ్టు కొలిచినంతసేపూ రెండు సాగుళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అల్యూమినియం భాగం అయితే ఉక్కుకు రెట్టింపు సాగుతుంది. అప్పుడు 100 మి.మీ. మీద 0.03 మి.మీ. దాకా తప్పు పడుతుంది. ఎండలో పెట్టిన వస్తువును నీడలో ఉన్న కాలిపర్‌తో వెంటనే కొలవకుండా రెండింటినీ ఒకే బల్ల మీద అరగంట ఉంచితే చాలు, ఈ తప్పు చాలావరకు పోతుంది.

బ్యాటరీ విషయం చిన్నదే గానీ విసిగిస్తుంది. చవక కాలిపర్లు ఆఫ్ చేసినా లోపల కొంత కరెంటు తాగుతూనే ఉంటాయి. ఎల్ఆర్44 ఆల్కలీన్ సెల్లు బదులు ఎస్ఆర్44 సిల్వర్ ఆక్సైడ్ సెల్లు వేస్తే ఎక్కువ కాలం వస్తుంది, చివరిదాకా వోల్టేజీ నిలకడగా ఉంటుంది. అంకెలు మిణుకుమిణుకుమంటే సెల్లు అయిపోవచ్చిందని అర్థం, ఆ స్థితిలో తీసిన కొలతను లెక్కలోకి తీసుకోకూడదు.

కాటాది మరో ప్రపంచం. జేబు కాటా పళ్లెం కింద చిన్న అల్యూమినియం దిమ్మె ఉంటుంది. బరువు పడితే అది కంటికి కనిపించనంత వంగుతుంది. దాని ఒంటికి అంటించిన సన్నని లోహపు రేకు తీగలు సాగుతాయి, సాగితే వాటి విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఈ స్ట్రెయిన్ గేజ్‌ను 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా కనిపెట్టారు. నాలుగు గేజ్‌లను బ్రిడ్జిగా కలిపి ఆ కొద్ది మార్పును పెంచి చూపడమే కాటా పని. జగ్గయ్యపేట సిమెంటు లారీలను తూచే వేబ్రిడ్జి కింద ఉండేదీ ఇదే సూత్రం. అక్కడ దిమ్మె ఉక్కుది, బరువు టన్నుల్లో.

ఈ నిర్మాణంలోనే దాని బలహీనతలూ ఉన్నాయి. వేడికి దిమ్మె గుణం మారుతుంది కాబట్టి ఆన్ చేసిన వెంటనే కాకుండా కొన్ని నిమిషాలు ఆగి తూచాలి. బరువు ఎక్కువసేపు ఉంచితే అంకె మెల్లగా పాకుతుంది. ఫ్యాను గాలి నూరో వంతు గ్రాములను అటూ ఇటూ ఊపుతుంది. కాటా నిజానికి చూసేది ద్రవ్యరాశిని కాదు, భూమి దాన్ని కిందికి లాగే బలాన్ని. ఆ లాగుడు భూమి మీద అన్నిచోట్లా ఒకలా ఉండదు. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న ఊళ్లో సరిచేసిన కాటాను దాదాపు 17 డిగ్రీల దగ్గరున్న మన మెట్టకు తెచ్చి అలాగే వాడితే 100 గ్రాముల రాయి 99.83 చూపుతుంది. నూరో వంతు గ్రాము చూపే కాటాలో అది పదిహేడు అంకెల తప్పు. కాటా చెడ్డది కాదు, ఊరు మారిందంతే.

దీనికి మందు ఒక్కటే. కాటాతో పాటు ఒక తూకపురాయి కొనాలి. అదీ అంతర్జాతీయ తరగతుల్లో ఎమ్1 అని ధ్రువీకరించినది. ఆ తరగతిలో 100 గ్రాముల రాయికి అనుమతించే తప్పు 5 మిల్లీగ్రాములు మాత్రమే, 20 గ్రాముల రాయికి 2.5 మిల్లీగ్రాములు. చాలా బుల్లి కాటాల్లో 'కాల్' అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కి, అడిగిన రాయిని పెడితే కాటా మన ఊరి భూమ్యాకర్షణకు సరిపడా సర్దుకుంటుంది. కాటాతో ఉచితంగా వచ్చే మెరుపురాయి మీద ఏ ధ్రువీకరణా లేకపోతే దాన్ని నమ్మకూడదు. రాయిని వట్టి చేత్తో పట్టుకుంటే చెమట అంటి బరువు మారుతుంది, గుడ్డతో పట్టుకోవాలి. వెయ్యో వంతు గ్రాము చూపే కాటాకు పెట్టే అదనపు డబ్బుతో ఈ రాయి కొనడం తెలివైన పని.

రాయి లేకపోయినా ఒక పరీక్ష ఉంది. ఒక వస్తువును విడిగా తూచి, ఇంకోదాన్ని విడిగా తూచి, రెండూ కలిపి తూచాలి. కూడిక సరిపోవాలి. ఒకే వస్తువును పళ్లెం మధ్యలో, నాలుగు మూలల్లో పెట్టి చూడాలి. మూలకు మూలకు మారితే ఆ కాటాతో మధ్యలో పెట్టడం తప్పనిసరి. చేతిలో 2011 నమూనా పది రూపాయల బిళ్ల ఉంటే దాని బరువు 7.71 గ్రాములు, వెడల్పు 27 మి.మీ. కాటాకూ కాలిపర్‌కూ రెండింటికీ స్థూలంగా పనికొస్తుంది. అరిగిన నాణెం ఖచ్చితమైన ప్రమాణం కాదు, పెద్ద తప్పులను మాత్రం పట్టిస్తుంది.

చవక కాటాల్లో ఒక దాగిన గుణం ఉంది. సున్నా నిలకడగా కనిపించాలని, సున్నా దగ్గర వచ్చే చిన్న మార్పులను అవే తుడిచేస్తాయి. పొడిని చిటికెడు చిటికెడుగా మెల్లగా వేస్తుంటే కొంత పొడి పళ్లెంలో పడినా తెర సున్నా దగ్గరే నిలబడిపోవచ్చు. గిన్నెను ఎత్తి మళ్లీ పెడితే అసలు బరువు బయటపడుతుంది. విత్తనశుద్ధి చేసే రైతుకు ఇది తెలియాలి. కిలో వేరుశనగ విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ అంటారు. ఒక్కో గ్రాము చొప్పున చూపే వంటింటి కాటాతో 3 గ్రాములు తూచడమంటే ఆరో వంతు దాకా తప్పు మొదటే ఒప్పుకున్నట్టు. పది కిలోలకు సరిపడా 30 గ్రాములు ఒకేసారి తూచి, పది కిలోలకూ ఒకేసారి పట్టిస్తే అదే కాటాతో తప్పు అరవయ్యో వంతుకు దిగుతుంది.

ఇప్పుడు మళ్లీ తీగ దగ్గరికి. వైరు మీద ఉండే ఎనామిల్ పూత మందానికి 0.03 నుంచి 0.08 మి.మీ. దాకా కలుపుతుంది. 22 గేజీకీ 23 గేజీకీ తేడాయే 0.1 అయినప్పుడు పూతతో కొలిస్తే లెక్క తప్పడం ఖాయం. సబ్‌మెర్సిబుల్ మోటార్ల వైరుకు ప్లాస్టిక్ పొర ఇంకా దళసరి. పూత తీసేశాక కూడా ఒక చిక్కుంది. 22 గేజీ పేరుతో 0.68 మి.మీ. వైరు అంటగడితే రాగి ఎనిమిదిన్నర శాతం తక్కువ. కాలిపర్ మాత్రం 0.03 అటూ ఇటూ చూపేదే కాబట్టి ఆ మోసం దాని సొంత తప్పులో కలిసిపోతుంది. అమ్మినవాడు "మీ కాలిపరే తప్పు" అంటే జవాబుండదు.

అదే వైరును సరిగ్గా ఒక మీటరు కోసి, పూత తీసి, నూరో వంతు గ్రాము చూపే కాటా మీద వేయాలి. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.89 గ్రాములు. అసలైన 22 గేజీ అయితే 3.53 గ్రాములు తూగాలి. 0.68 మి.మీ. వైరు 3.23 దగ్గర ఆగిపోతుంది. తేడా కాటా మీద ముప్ఫై అంకెలు! బరువు మందానికి వర్గంగా మారడం, ఒక్క చోట కాక మీటరు పొడవునా సగటు రావడం, ఈ రెండూ కలిసి చవక కాటాను ఈ పనిలో ఖరీదైన కాలిపర్ కంటే మెరుగ్గా నిలబెడతాయి. మీటరు కొలవడంలో ఒక మిల్లీమీటరు పొరపాటు పడినా వచ్చే తప్పు వెయ్యింట ఒకటే. వైరును లాగి సాగదీయకుండా పరిచి కోస్తే చాలు. పూత తీయకుండా తూచితే రెండు మూడు శాతం బరువు ఎక్కువ పడుతుంది, అది తీసివేసుకోవాలి.

ఇంకో పెద్ద మోసం కూడా ఇక్కడే దొరుకుతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ కంటికి రాగిలాగే ఉంటుంది, కాలిపర్‌కు అచ్చం 0.711 చూపుతుంది. కాటా మీద వేస్తే ఒకటిన్నర గ్రాము కూడా తూగదు.

కాటా కొన్నాక దాన్ని ఎక్కడ వాడుతున్నామన్నది చట్టానికి ముఖ్యం. 2009 నాటి తూనికలు కొలతల చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వ్యాపారంలో వాడే ఎలక్ట్రానిక్ కాటాను ఏటా తూనికలు కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేయాలి. కిరాణా, పత్తి, మిరప తూకాలకు సాధారణంగా మూడో తరగతి కాటాలు, బంగారానికి అంతకంటే సూక్ష్మమైనవి వాడతారు. ఆన్‌లైన్‌లో దొరికే బుల్లి జేబు కాటాలకు ఆ ముద్ర ఉండదు. ఇంట్లో, షాపులో మన సొంత తనిఖీకి అవి నిక్షేపంగా పనికొస్తాయి. వాటితో తూచి అమ్మడం మాత్రం చట్టవిరుద్ధం. మన మిరప బస్తా తూచే కాటా మీద ఈ ఏటి ముద్ర ఉందో లేదో చూడటం రైతు హక్కు.

మెట్టలో చిన్న షాపు నడిపేవాళ్లకు, సొంత బోరున్న రైతులకు కలిపి చెప్పాల్సిందిది. స్టీలు ఒంటి 150 మి.మీ. డిజిటల్ కాలిపర్ ఒకటి, 200 గ్రాముల దాకా నూరో వంతు చూపే కాటా ఒకటి, 100 గ్రాముల ఎమ్1 రాయి ఒకటి, కొత్త 6203 బేరింగు ఒకటి ఉంటే చాలు. చుక్క తర్వాత మూడో అంకె కోసం డబ్బు పోయొద్దు. ఈసారి మోటారు రీవైండింగ్‌కు ఇచ్చినప్పుడు చుట్టబోయే వైరు నుంచి ఒక మీటరు కోసి, పూత తీసి, మీ ఎదుటే తూచమని అడగండి. 20 గేజీ 5.83 గ్రాములు, 21 గేజీ 4.62, 22 గేజీ 3.53, 23 గేజీ 2.60, 24 గేజీ 2.18 తూగాలి. ఈ అయిదు అంకెలూ షాపు గోడ మీద రాయించండి.